అటకెక్కిన నాస్ పెట్టె: పదేళ్ల వాడకం, పది రోజుల మరమ్మతు

తిరుపతిలో మా ఇంట్లో 2014 చివరి నుంచి పనిచేస్తూ వచ్చిన రెండు డిస్కుల నాస్ పెట్టె (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించి అందరి ఫైళ్లూ ఒకేచోట దాచుకునేది), 2024 మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక మళ్లీ లేవలేదు. ముందు వైపున్న నీలం లైటు ఆగకుండా మిణుకుమిణుకుమంటూనే ఉంది, లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది, కానీ అది కంప్యూటరుకు గానీ టీవీకి గానీ కనిపించలేదు. దాన్ని మళ్లీ దారికి తేవడానికి పది రోజులు పట్టింది. కొన్న కొత్తలో నెల రోజులు వాడి రాసే సమీక్షలకు కొదవ లేదు గానీ, పదో ఏట మొరాయించినప్పుడు ఇలాంటి పెట్టె యజమానికి ఎంతవరకు సహకరిస్తుందో చెప్పేవి తక్కువ కాబట్టి, ఈ సమీక్షను ఆ పది రోజుల చుట్టూనే రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. నాకు ఎదురైన ఇబ్బందుల్లో సగం నేను చేజేతులా తెచ్చుకున్నవే, మిగతా సగం ఆ కాలపు, ఆ ధరలోని పెట్టెలన్నిటికీ ఉన్నవే. ఒక పేరు తగిలిస్తే వేరే కంపెనీది వాడేవారు ఇది తమకు సంబంధించింది కాదనుకుంటారు.

పెట్టె గురించి ముందుగా రెండు మాటలు. బ్రెడ్డు పొట్లానికి కాస్త పెద్దగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో చిన్న ప్రాసెసర్, 512 ఎంబీ మెమరీ, ఒక్కొక్కటి 3 టెరాబైట్ల డిస్కులు రెండు ఉంటాయి. రౌటర్‌కు కేబుల్‌తో తగిలిస్తే ఇంట్లోని ఫోన్లు, కంప్యూటర్లు, టీవీ అన్నీ ఒకేచోటి నుంచి ఫైళ్లు తీసుకోవచ్చు. ఏ ఫైలు రాసినా రెండు డిస్కులమీదా రాస్తుంది, దీన్నే రెయిడ్ 1 అంటారు. ఒక డిస్కు పోయినా రెండోది ఉంటుందన్న భరోసాతోనే మా నాన్నగారు పాడిన అన్నమయ్య కీర్తనల క్యాసెట్లన్నిటినీ ఫైళ్లుగా మార్చి ఇందులో పెట్టాను. మా బావమరిదికి చిత్తూరులో ఫోటో స్టూడియో ఉంది, తిరుచానూరులో జరిగిన మా వాళ్ల పెళ్లిళ్ల ఫోటోలు, వీడియోలు కూడా ఇందులోకే చేరాయి. మొత్తం 1.8 టెరాబైట్ల సరుకు. వేరే కాపీ లేదు. రెయిడ్ ఉంటే బ్యాకప్ ఉన్నట్టు కాదని ఎన్నిసార్లు చదివినా, చదవడం వేరు, డబ్బు పెట్టి ఇంకో డిస్కు కొనడం వేరు.

జబ్బు ఎక్కడ మొదలైందో చెప్పాలంటే 2021 నవంబరు దాకా వెళ్లాలి. ఆ వానల్లో తిరుపతి వీధులు కాలువలైన సంగతి ఇక్కడి వాళ్లెవరూ మరిచిపోరు. మా వీధిలో నీళ్లు గడప దాకా వచ్చిన రాత్రి, టీవీ బల్ల కింద అరలో ఉన్న ఈ పెట్టెను తీసి అటకమీద పెట్టాను. నీళ్లు తీసిన తర్వాత దాన్ని దించాలని ఎవరికీ తోచలేదు. అక్కడైతే కంటికి కనిపించదు, చప్పుడు వినిపించదు, కేబుల్ కూడా అందింది. అటకకు పైన ఉన్నది మాత్రం ఎండకు కాలే స్లాబు. ఎండాకాలంలో మధ్యాహ్నం అటకలో చేయి పెడితే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఉంటుంది. అలాంటి చోట పెట్టెతోపాటు దాని అడాప్టరును కూడా పాత దుప్పట్ల పక్కన రెండున్నరేళ్లు ఉంచాను.

లేవని రోజున నేను చేసిన మొదటి పని ఏమీ చేయకుండా ఉండటం, అదొక్కటే అనుకోకుండా సరిగ్గా చేశాను. కరెంటు ఉన్నట్టుండి పోతే ఇలాంటి పెట్టెలు తిరిగి లేచేటప్పుడు ఫైల్ సిస్టమ్‌ను, అంటే డిస్కుమీద ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే అమరికను, తనిఖీ చేసుకుంటాయి, పెద్ద డిస్కుల్లో, చిన్న మెమరీ మీద ఆ పనికి గంటలు పట్టవచ్చు. లైటు మిణుకుమంటున్నంత మాత్రాన చచ్చిందని స్విచ్ తీసేస్తే ఉన్న జబ్బు ముదురుతుంది. రాత్రంతా వదిలేశాను. పొద్దున్న కూడా అదే లైటు, అదే ఫ్యాను, పైగా దగ్గరగా చెవి పెడితే డిస్కు తిరగడం మొదలుపెట్టి, టిక్కుమని ఆగి, మళ్లీ మొదలుపెడుతున్న చప్పుడు. పట్టణంలోని ఒక దుకాణానికి తీసుకువెళితే మూత కూడా తీయకుండా బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నారు. చెన్నైలో డేటా రికవరీ చేసేవారికి ఫోన్ చేస్తే డిస్కు చూడకుండానే ముప్పై వేలు చెప్పారు. రెండింటికీ దండం పెట్టి ఇంటికి వచ్చాను.

జబ్బు కనిపెట్టడానికి ఒక్కొక్క భాగాన్నీ విడదీసి చూడటాన్ని మించిన పద్ధతి లేదు. ముందుగా డిస్కులు రెండింటినీ బయటికి తీసి, ఏది ఎడమ అరలోదో ఏది కుడి అరలోదో స్కెచ్ పెన్‌తో ఒకటి, రెండు అని రాసి, ఖాళీ పెట్టెను ఆన్ చేశాను. నిమిషంన్నరలో బీప్ వినిపించింది, రౌటర్ జాబితాలో దాని చిరునామా కూడా కనిపించింది. అంటే బోర్డు పోలేదు. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఈ జాతి పెట్టెల్లో చాలావాటికి అసలు ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది బోర్డు మీద కాదు, బోర్డులోని చిప్పులో లేపడానికి కావలసిన కొద్దిపాటి ప్రోగ్రామే ఉంటుంది, మిగతాదంతా డిస్కుల మొదటి భాగంలో ఉంటుంది. అందువల్ల డిస్కులు లేకుండా లేచినప్పుడు అది తనను తాను కొత్త పెట్టె అనుకుని, ఇన్‌స్టాల్ చేయమంటారా అని వెబ్ పేజీ చూపిస్తుంది. ఆ పేజీ తెరిచి ఉండగా పాత డిస్కులు దోపి ఆ బటన్ నొక్కితే ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోవచ్చు. ఆ పేజీని చూసి పెట్టె ప్రాణాలతో ఉందని తెలుసుకుని, స్విచ్ ఆపేయడం వరకే మన పని.

తర్వాత ఒకటో నంబరు డిస్కు ఒక్కదాన్నే పెట్టి ఆన్ చేశాను. లేచింది. రెండు నిమిషాల్లో బీప్, నిలకడగా వెలిగే లైటు, లోపలికి వెళితే నాన్నగారి కీర్తనలు, పెళ్లిళ్లు, అన్నీ ఉన్నాయి. మా ఇంట్లో పాయసం చేసే దాకా వెళ్లింది వ్యవహారం. అప్పుడు మా బావమరిది ఫోన్‌లో, "బావా, శివరాత్రికి కాళహస్తిలో తీసిన ఫోటోలు ఉండాయా చూడు" అన్నాడు. లేవు. మార్చివి లేవు, ఫిబ్రవరివి లేవు. జనవరి 19 తర్వాత ఒక్క ఫైలు కూడా లేదు. గుండె ఆగినంత పని అయింది, పెట్టెను వెంటనే ఆపేశాను.

ఏం జరిగిందంటే, ఒకటో డిస్కు జనవరిలోనే జట్టు నుంచి తప్పుకుంది. ఒక క్షణం కరెంటు చాలక అది స్పందించకపోతే రెయిడ్ దాన్ని పోయినదాని కింద లెక్కగట్టి పక్కన పెడుతుంది, మళ్లీ చేర్చమని మనం చెప్పేదాకా రెండో డిస్కు ఒక్కదానిమీదే రాసుకుంటూ పోతుంది. వాడేవారికి బయటి నుంచి తేడా ఏమీ తెలియదు. తెలియజేయడానికే ఈ పెట్టె బీప్ శబ్దం చేస్తుంది, ఈమెయిల్ పంపుతుంది. బీప్ శబ్దాన్ని ఒక రాత్రి నిద్ర చెడుతోందని నేనే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపాను, ఎందుకు మోగుతోందో చూడకుండా. జనవరిలోనే అని ఇప్పుడు గుర్తొస్తోంది. ఈమెయిల్ సంగతి వేరు. మెయిల్ సేవలు పాత తరహా లాగిన్‌ను అనుమతించడం మానేశాక, అప్‌డేట్‌లు ఆగిపోయిన ఈ పెట్టెకు కొత్త పద్ధతి తెలియదు, కాబట్టి మెయిల్ పంపలేక ఊరుకుంది. పంపలేకపోతున్నానన్న సంగతిని తన లాగ్‌లో మాత్రం రోజూ రాసుకుంది. ఎవరూ తెరవని పేజీలో రాసుకునే ఫిర్యాదు వల్ల ఉపయోగం లేదు. సమీక్షకుడిగా ఈ పెట్టెలో నేను పట్టుకున్న పెద్ద లోపం ఇదే. ఒక డిస్కు మీదే నడుస్తున్నప్పుడు, బీప్ ఆపేసి ఉన్నా సరే, ముందున్న లైటు రంగైనా మారాలి. ఇందులో డిస్కు లైటు ఒకటి ఆరిపోతుందంతే, అటకమీద ఉన్నదానికి లైటు ఆరితే ఎవరు చూస్తారు.

ఇప్పుడు రెండో డిస్కు. అదొక్కటే పెడితే తిరుగుతుంది గానీ పెట్టె లేవదు. రెండూ కలిపి పెడితే ఆ టిక్కు చప్పుడు. ఇవి రెండు వేర్వేరు లక్షణాలని గ్రహించడానికి నాకు ఒక రోజు పట్టింది. రెండు డిస్కులు ఉన్నప్పుడు మాత్రమే వచ్చే చప్పుడు కరెంటు చాలకపోవడం వల్ల కావచ్చు. మూడున్నర అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో 12 వోల్టుల దగ్గర సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది, రెండు డిస్కులు ఒకేసారి మొదలుపెడితే నాలుగు, బోర్డు ఖర్చు అదనం. నా మల్టీమీటరులో అడాప్టరు 12.1 వోల్టులు చూపించింది. అయినా అనుమానం తీరక, గాంధీ రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే దుకాణానికి తీసుకువెళ్లాను.

ఆ మెకానిక్ చేసిన పరీక్ష చూసి తీరవలసింది. ఆయన బల్లమీద ఒక చెక్క ముక్కకు మోటారుసైకిల్ హెడ్‌లైటు బల్బులు రెండు బిగించి ఉన్నాయి, ఒక్కొక్కటి 12 వోల్టులు, 35 వాట్లు. అడాప్టరు వైరును ముందు ఒక బల్బుకు తగిలించాడు. బాగానే వెలిగింది, మీటరు 11.7 చూపింది. ఒక బల్బు అంటే సుమారు మూడు ఆంపియర్ల బరువు. రెండో బల్బు కూడా కలిపేసరికి వెలుతురు పసుపు రంగుకు దిగిపోయి, రెండు బల్బులూ వణకడం మొదలుపెట్టాయి, అడాప్టరులోంచి కీచురాయి లాంటి సన్నని చప్పుడు వచ్చింది, మీటరు 9.6 దగ్గర ఊగింది. అడాప్టరు మీద మాత్రం 6 ఆంపియర్లు అని అచ్చువేసి ఉంది. "మీటరుదేముండాది సార్, నెత్తిన బరువు లేకుంటే అందరూ మంచోళ్లే. బరువు పెడితే గదా బండారం తెలిసేది" అన్నాడు.

అడాప్టరు అతుకు దగ్గర స్క్రూడ్రైవరుతో తట్టి విప్పి చూపించాడు. లోపల అవుట్‌పుట్ వైపున్న రెండు కెపాసిటర్లు పొంగిన పూరీల్లా ఉన్నాయి. మామూలుగా వాటి అల్యూమినియం టోపీ చదునుగా ఉంటుంది, దానిమీద గుణకారం గుర్తులా సన్నని గాడి కొట్టి ఉంటుంది, లోపలి ద్రవం వేడెక్కి ఒత్తిడి పెరిగితే పేలకుండా అక్కడ చీలడానికి. ఒకదాని గాడి విచ్చుకుని, అంచున ఎండిపోయిన గోధుమరంగు చెమ్మ గీతలా అంటుకుని ఉంది. ఈ రకం కెపాసిటర్ ఉన్న చోట వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్లు లెక్క వేసుకుంటారు. తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున అటకలో ఎంత ఉంటుందో, మూసిన ప్లాస్టిక్ అడాప్టరులో ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. వరద నుంచి కాపాడదామని ఎక్కించిన చోటే దాన్ని ఉడకబెట్టింది.

సీసీటీవీ కెమెరాలకు వాడే అడాప్టరు 12 వోల్టులదే కదా, అది పెట్టుకోవచ్చా అని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. "దానిమీద రాసిండేది అయిదు, ఇచ్చేది మూడు" అని తన దగ్గర ఉన్నదాన్ని ఒకటి అవే బల్బులకు తగిలించి చూపించాడు, నిజంగానే సొమ్మసిల్లింది. మంచిది చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెప్పించాలన్నాడు, రెండు రోజుల్లో సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే ఒక కుర్రవాడి సంచిలో వచ్చింది. అడాప్టరు 850 రూపాయలు, పరీక్షకు, బోర్డుమీద గడియారం బ్యాటరీ సీఆర్ 2032 మార్చినందుకు కలిపి 150. కొనేవారు వోల్టేజీ, ఆంపియర్లతోపాటు ప్లగ్గు కొలత, మధ్య సూది ప్లస్సా మైనస్సా అన్నది కూడా పాత అడాప్టరు మీది బొమ్మతో సరిచూసుకోవాలి. ఆంపియర్లు ఎక్కువ ఉంటే నష్టం లేదు, వోల్టేజీ తేడా వస్తే మాత్రం బోర్డు నిజంగానే పోతుంది.

కొత్త అడాప్టరుతో టిక్కు చప్పుడు పూర్తిగా పోయింది. అయినా రెండో డిస్కుతో పెట్టె లేవడానికి నలభై నిమిషాలు తీసుకుని, వెబ్ పేజీ సగం తెరిచి బిగుసుకుపోయింది. అప్పుడు దాన్ని తీసి డెస్క్‌టాప్ కంప్యూటరుకు సాటా కేబుల్‌తో నేరుగా కలిపి, పెన్‌డ్రైవ్ మీంచి ఉబుంటు (లినక్స్ రకం ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించి డిస్కు ఆరోగ్య నివేదిక చూశాను. స్మార్ట్ అనే ఈ నివేదికలో అందరూ చూడవలసినవి ముఖ్యంగా రెండు వరుసలు. అయిదో నంబరు వరుస, చెడిపోయి వేరే చోటికి మార్చిన సెక్టార్ల (డిస్కుమీది చిన్న చిన్న గళ్ల) లెక్క. 197వ వరుస, చదవలేక ఏమి చేయాలో తేల్చుకోని సెక్టార్ల లెక్క. నా డిస్కు 61 వేల గంటలు తిరిగింది, 197వ వరుసలో 312 అని ఉంది. ఆ చదవలేని చోట్లలో కొన్ని ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న మొదటి భాగంలోనే ఉండబట్టి, పెట్టె ప్రతి ఒక్కదాని దగ్గరా ఆగి, మళ్లీ మళ్లీ ప్రయత్నించి అలసిపోతోంది. అంటే ఇక్కడ ఆరోగ్యంగా ఉన్న డిస్కులో పాత సరుకు ఉంది, జబ్బుపడిన డిస్కులో కొత్త సరుకు ఉంది. రెండూ పెట్టి ఆన్ చేసి, పేజీలో కనిపించే రిపేర్ బటన్ నొక్కి ఉంటే అది జబ్బు డిస్కు నుంచి చదివి మంచి డిస్కుమీద రాస్తూ పోయేది, మధ్యలో అది ప్రాణం విడిస్తే జనవరి దాకా ఉన్న కాపీ కూడా దక్కేది కాదు.

ఇలాంటి డిస్కును ఫైళ్లుగా కాపీ చేయడానికి దిగకూడదు, మొత్తం డిస్కును ఉన్నదున్నట్టుగా ఇంకో డిస్కుమీదికి దించుకోవాలి. గ్నూ వారి డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఇందుకే ఉంది. అది బాగున్న చోట్లను ముందు చకచకా చదివేసి, మొండికేసిన చోట్లను చివరికి వదిలిపెట్టి తర్వాత కొంచెం కొంచెంగా గీకుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మొదటి నుంచి చేయనక్కరలేదు, మన ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. కొత్తగా 4 టెరాబైట్ల డిస్కు కొన్నాను. ఆదేశంలో ఏది ముందు ఏది తర్వాత అన్నది తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కుమీద కూర్చుంటుంది కనుక, ఎంటర్ నొక్కే ముందు డిస్కుల సీరియల్ నంబర్లను మా అబ్బాయి చేత బయటికి చదివించుకున్నాను. జబ్బు డిస్కుమీద టేబుల్ ఫ్యాను తిప్పి పెట్టాను. మొదటి విడత ఎనిమిది గంటల్లో అయింది. మిగిలిన ముక్కలకు ఒకటిన్నర రోజు పట్టింది. చివరకు చదవలేనిది ఒక ఎంబీలో పదో వంతు కూడా లేదు.

ఇక ఈ పెట్టెను నేను మెచ్చుకునే చోటికి వస్తాను. డిస్కులమీద ఇది రాసింది ఏ రహస్య పద్ధతిలోనూ కాదు, మామూలు లినక్స్ రెయిడ్, దాని లోపల మామూలు ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్. అందువల్ల పెట్టెతో పని లేకుండా ఉబుంటులో ఎండీఆడ్మ్ అనే సాధనం ఎక్కించి, కాపీ డిస్కును చదవడానికి మాత్రమే అన్న షరతుతో తెరిస్తే ఫోల్డర్లన్నీ యథాతథంగా కనిపించాయి. ఏ డిస్కు కొత్తదో ఏది పాతదో కూడా అదే చెబుతుంది, ప్రతి డిస్కు తలమీద ఈవెంట్ల లెక్క (మార్పులు జరిగేకొద్దీ పెరిగే అంకె), చివరిసారి రాసిన తేదీ ఉంటాయి. నేను పెట్టెలో లేపేదాకా ఒకటో డిస్కుమీద ఆ తేదీ జనవరి 19 అయి ఉండేది. పెట్టె ఆన్ చేయకముందే ఇది చూసి ఉంటే పాయసం ఖర్చు మిగిలేది. ఇదే పని విండోస్‌లో చేయబోతే డిస్కును ఫార్మాట్ చేయాలా అని అడుగుతుంది, దానికి ఈ ఫైల్ సిస్టమ్ తెలియదు కాబట్టి. కంగారులో సరేననకూడదు. డిస్కులను సొంత తాళంతో బిగించేసే పెట్టెలు, లేదా ఎన్‌క్రిప్షన్ పెట్టుకుని తాళంచెవిని పెట్టెలోనే దాచుకున్న ఇళ్లు ఈ దారిలో రాలేవు. కొనేముందు అడగవలసిన మొదటి ప్రశ్న నా దృష్టిలో ఇదే: పెట్టె పోతే డిస్కును బయట చదవగలనా?

దెబ్బతిన్న ఫైళ్లు ఏవో తెలుసుకోవడానికి డీడీరెస్క్యూలోనే ఒక ఉపాయం ఉంది. చదవలేని చోట్లను ఫిల్ మోడ్‌తో ఒక గుర్తు మాటతో నింపి, తర్వాత ఫైళ్లన్నిటిలో ఆ మాట కోసం వెతికితే సరి. పదకొండు ఫైళ్లు తేలాయి. వాటిలో తొమ్మిది జనవరికి ముందువి, అందులో నాన్నగారి కీర్తన ఒకటి. ఆ తొమ్మిదీ ఒకటో డిస్కులో నిక్షేపంగా ఉన్నాయి. జట్టు నుంచి తప్పుకున్న డిస్కే ఆ విధంగా అక్కరకు వచ్చింది. మిగిలిన రెండు శివరాత్రి వీడియోలు, తెరుచుకుంటాయి గానీ మధ్యలో రెండు మూడు సెకన్లు పచ్చటి గళ్లు పడతాయి.

పెట్టె మిగతా గుణగణాలకు వస్తే, మామూలుగా నడిచే రోజుల్లో ఫిర్యాదు చేయవలసింది లేదు. కేబుల్ మీద సెకనుకు అరవై డెబ్బై ఎంబీల వేగం వచ్చేది. సగటున 18 వాట్లు తీసుకునేది, అంటే రోజంతా నడిపితే నెలకు 13 యూనిట్లు. డిస్కుల ట్రేలు ప్లాస్టిక్‌వి అయినా పదేళ్లలో ఒక్క కొక్కెం విరగలేదు. అప్‌డేట్‌లు ఆగిపోయిన పెట్టెను ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచడం మాత్రం తలుపు తీసి ఊరికి పోయినట్టే. 2022లో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే దొంగ ప్రోగ్రాం) బయటికి తెరిచి ఉన్న ఇలాంటి పెట్టెలలోని ఫైళ్లకే తాళాలు వేసింది. రౌటరులో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి ఇంటర్నెట్ నుంచి పెట్టెకు దారి తెరిచే అమరిక) తీసేసి ఇంటివరకే వాడుకోవాలి. ఇంకా పాత పెట్టె ఉన్నవారికి ఇంకొక మాట: లైటు నిలకడగా వెలుగుతూ, వెబ్ పేజీ తెరుచుకుంటూ, విండోస్‌లో మాత్రమే కనిపించకపోతే అది చచ్చినట్టు కాదు. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వ్యాపించింది ఎస్ఎంబీ 1 అనే, నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతిలోని లోపం గుండా, అదే ఏడాది చివరి నుంచి కొత్తగా ఎక్కించే విండోస్ 10లో ఆ పద్ధతిని తీసేశారు. పెట్టె సెట్టింగ్స్‌లో దాని తర్వాతి రూపమైన ఎస్ఎంబీ 2 ఉంటే ఆన్ చేసుకుంటే సరిపోతుంది.

అందరికీ నాస్ కావాలా అంటే, ఒక కుటుంబం, ఒక కంప్యూటరు, అర టెరాబైటు ఫోటోలు ఉన్న ఇంటికి అక్కరలేదు, రెండు యూఎస్‌బీ డిస్కులు కొని ఒకటి వేరే ఇంట్లో ఉంచుకోవడమే మేలు. నలుగురు వాడేచోట, వీడియోలు పోగయ్యే చోట ఇది సుఖమే. వాడినది చవకగా దొరికితే కొనవచ్చు గానీ, ధరలో కొత్త అడాప్టరును కలిపి లెక్క వేసుకోవాలి. ఇన్వర్టరు ఉన్నవాళ్లు దాన్ని యూపీఎస్ మోడ్‌లో ఉంచాలి, లేకపోతే కరెంటు మారే ఆ కాస్త విరామంలోనే పెట్టె పడిపోతుంది.

మా పెట్టెకు ఇప్పుడు రెండు కొత్త డిస్కులు వేశాను. అటక నుంచి దించి హాల్లో రౌటరు పక్కన, నడుము ఎత్తు అరలో పెట్టాను. ఒక యూఎస్‌బీ డిస్కులోకి అంతా కాపీ చేసి చిత్తూరు పంపాను, మా బావమరిది కొండకు వచ్చినప్పుడల్లా అది వచ్చి కొత్తవి ఎక్కించుకుని పోతుంది. బీప్ శబ్దాన్ని మళ్లీ ఆన్ చేశాను. నెల తిరగకుండానే ఒక రాత్రి రెండు గంటలకు మోగింది. లేచి లాగ్ చూస్తే ఫ్యాను తిరగడం లేదని ఉంది, పదేళ్ల దుమ్ము బేరింగులో పేరుకుంది. ఆ రాత్రికి పెట్టెను ఆపి, మర్నాడు 92 మిల్లీమీటర్ల మూడు పిన్నుల ఫ్యాను అదే సందులో 280 రూపాయలకు కొని బిగించాను.